వీరగల్లు

యుద్ధంలో గాని, ఊరి మీదికి వచ్చిన దోపిడి దండును ఎదిరించడంలో గాని ప్రాణాలు విడిచిన వ్యక్తి గుర్తుగా నిలిపే చెక్కుడు రాయి వీరగల్లు. దీనినే వీరశిల అనీ అంటారు. తమిళంలో ఇది నడుకల్, అంటే నాటిన రాయి. రాయిని ఎంచుకోవడం మొదలు నీట శుద్ధి చేసి, నాటి, వీరుని స్తుతించడం వరకు గల విధులను తొల్కాప్పియం అనే ప్రాచీన తమిళ లక్షణగ్రంథం పేర్కొనడాన్ని బట్టి ఈ ఆచారం దక్షిణాదిన ఎంత పాతదో తెలుస్తుంది.

తెలుగునేలపై దీనికి పూర్వరూపాలు క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, బయటపడిన ఛాయాస్తంభాలు, అనగా మృతుని ప్రతిరూపం చెక్కిన స్మారక స్తంభాలు. వంశ స్థాపకుడైన వాసిష్ఠీపుత్ర చాంతమూలునికి అతని కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో అంతఃపుర స్త్రీలు ఇటువంటి స్తంభాన్ని ఎత్తించగా, అదే నగరంలో సేనానులకూ సైనికులకూ, చివరికి ఒక పనివానికి కూడా స్తంభాలు వెలిశాయి. రాజుకూ బంటుకూ ఒకే తరహా స్మారకం దక్కడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

వీరగల్లులు విరివిగా కనిపించేది ఆ తరువాత, రాయలసీమలో. బాణులు, వైదుంబులు, నొలంబులు 9వ శతాబ్దంలో చిత్తూరు, కడప, అనంతపురం ప్రాంతాల కోసం తలపడినప్పుడు సోరెమడి యుద్ధంలో కూలినవారి పేర్లు పలు శిలల మీదికెక్కాయి. రాజుల ప్రశస్తులు గెలుపునే కీర్తిస్తాయి కనుక, ఓడిన పక్షపు బంటును కూడా గుర్తుంచుకున్న ఈ రాళ్లు చరిత్రకారునికి మరింత నమ్మదగిన సాక్ష్యాలు. పైగా తొలినాటి తెలుగు వచనపు తీరు వీటిలో తెలుస్తుంది. అయితే వీటిలో చాలా వరకు మహాయుద్ధాలవి కావు. పశువుల మందలను తోలుకుపోయేవారిని అడ్డగించి చనిపోయినవారివి, పులితో పోరాడి పడినవారివి కూడా ఎన్నో. కర్ణాటకలోని ఆతకూరులో సుమారు 950 నాటి శిల అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్క కోసం నిలిపినది.

శిల్పాన్ని సాధారణంగా కింది నుంచి పైకి చదవాలి: అడుగు అంతస్తులో పోరు, నడుమ వీరుని స్వర్గానికి తోడ్కొనిపోయే అప్సరసలు, పైన శివలింగ సన్నిధి, ఆపైన ఆచంద్రార్కం నిలవాలన్న కోరికకు గుర్తుగా సూర్యచంద్రులు. భర్తతో సహగమనం చేసిన స్త్రీకి ఎత్తే సతికల్లు మీద గాజులతో పైకెత్తిన చేయి ఉంటుంది. రాతితోపాటు మృతుని కుటుంబానికి భూమిని మాన్యంగా ఇవ్వడం కూడా ఉండేది; కన్నడ శాసనాలు దానిని నెత్తరుగొడగె, అంటే నెత్తురుకు ఇచ్చిన దానం, అన్నాయి. ఆ విధంగా స్మృతికి జీవనాధారం తోడైంది.

కాలక్రమంలో పేర్లు మరుగునపడినా, అనేక శిలలు గ్రామదేవతల సరసన పసుపు కుంకుమలు అందుకుంటూ మిగిలాయి. స్మారకం ఆరాధనగా మారిన తీరుకు పల్నాటిలోని కారెంపూడి చక్కని ఉదాహరణ. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో మరణించిన వీరులకు నాగులేటి ఒడ్డున గుడి ఉంది. ఏటా కార్తిక అమావాస్య నాడు మొదలయ్యే వీరారాధనకు, కొణతాలు అని పిలిచే వీరుల ఆయుధాలను వారి అనుయాయుల వంశాలవారు ఊరూరి నుంచి తీసుకువస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే 5 రోజుల్లో యుద్ధకథలోని ఘట్టాలు పునరభినయానికి వస్తాయి. వీటిలో మందపోరు పశువుల మందను కాపాడబోయి లంకన్న అనే వీరుడు ఒరిగిన ఘట్టం. పల్నాటి వీరుల నాయకుడు బ్రహ్మనాయుడు ప్రవేశపెట్టాడని చెప్పే చాపకూడును, అంటే కులభేదం లేకుండా అందరూ ఒకే చాపపై కూర్చుని చేసే సహపంక్తి భోజనాన్ని, ఆ రోజునే నిర్వహిస్తారు.