తండ్రి, సంరక్షకురాలు, న్యాయవాది

ఇంటి తగవు గడప దాటి కోర్టు మెట్లెక్కినప్పుడు, అందునా బిడ్డలు ఎవరి వద్ద పెరుగవలెనన్న తగవైనప్పుడు, ఎటువంటి న్యాయవాదిని ఆశ్రయింపవలెను? మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములవారు దీనికి సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. మదనపల్లెలో జన్మించిన ఒక బాలునికై నడచిన వ్యాజ్యమే మనకు పాఠము కాగలదు.

జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఆయన కుమారుడు కృష్ణమూర్తి 1895 మే నెలలోను, అతని తమ్ముడు నిత్యానంద 1898లోను జన్మించినారు. 1905లో తల్లి సంజీవమ్మ గతించినది. 1909లో తండ్రి పిల్లలతో మద్రాసు చేరువనున్న అడయారు చేరినాడు. రానున్న జగద్గురువునకు కృష్ణమూర్తి వాహిక కాగలడని సమాజములోని పెద్దలు నమ్మినారు. 1910 మార్చి 6న నారాయణయ్య బాలుర సంరక్షణను అనీబిసెంటుకు వ్రాసి ఇచ్చినాడు. 1912లో ఆమె వారిని ఇంగ్లండుకు తోడ్కొనిపోయినది. లెడ్‌బీటరు అను సమాజ ప్రముఖుని సాంగత్యము తన బిడ్డలకు తగదని తలచిన తండ్రి, ఇచ్చిన పత్రమును రద్దు చేసి, ఆ యేడు అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేసినాడు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయినది.

తండ్రి పక్షమున వాదించినవారు సి.పి. రామస్వామి అయ్యరు. బిసెంటమ్మ న్యాయవాదిని పెట్టుకొనక తన వాదమును తానే వినిపించినది. ఆమెకు అది క్రొత్త కాదు. 1878లో, నాస్తిక భావములు ప్రచారము చేసినదను కారణమున, లండను న్యాయస్థానము ఆమె కన్నకూతురు మేబెల్‌ను ఆమె నుండి వేరు చేసినది. నాడును ఆమె స్వయముగానే వాదించి ఓడినది.

1913 ఏప్రిల్ 15న జస్టిస్ బేక్‌వెల్ బాలురను తండ్రికి అప్పగింపుమని తీర్పు చెప్పినారు. అయితే తండ్రి మోపిన తీవ్రారోపణలు రుజువు కాలేదని, ఖర్చులు ఆయనపైననే వేసినారు. గెలిచినవాడే ఖర్చులు భరింపవలసి వచ్చిన ఈ ఘట్టము గమనింపదగినది. కోపములో మోపిన నింద బిడ్డకు మేలు చేయదు. దానిని వాదములో చేర్చుటకు ముందు సాక్ష్యమున్నదా అని అడుగగల న్యాయవాదియే నేర్పరి.

అదే సంవత్సరము అక్టోబరు 29న అప్పీలు కోర్టు కూడ తండ్రినే సమర్థించినది. కాని 1914 మే 25న లండనులోని ప్రివీ కౌన్సిలు ఆ తీర్పులను కొట్టివేసినది. తండ్రికి హక్కు లేదని కాదు. తండ్రి సంరక్షకత్వము పవిత్రమైన బాధ్యత యనియు, పరులకు అప్పగించినను తిరిగి తీసికొనవచ్చుననియు ఆ న్యాయమూర్తులే చెప్పినారు. లోపము దావా వేసిన చోట ఉన్నది. 1890 నాటి సంరక్షకుల చట్టము తొమ్మిదవ సెక్షను ప్రకారము, బాలుడు సాధారణముగా నివసించు జిల్లా కోర్టులోనే అర్జీ వేయవలెను. బాలురు ఇంగ్లండులో ఉండగా చెంగల్పట్టు కోర్టుకు అధికారమెక్కడిది? పైగా ఆ బాలుర పక్షమున మాటలాడినవారు మద్రాసు న్యాయస్థానములో ఎవరును లేరు. వారి ఇష్టము తెలిసికొనువారు లేకపోయిరి. తీర్పు నాటికి పెద్దవానికి 19 ఏండ్లు నిండినవి.

తరువాత కొలది సంవత్సరములకే రామస్వామి అయ్యరు హోంరూలు ఉద్యమములో అదే బిసెంటమ్మకు సహచరులైనారు. వ్యాజ్యమును వ్యాజ్యముగా నడిపి, ద్వేషమును ఇంటికి మోసికొనిపోని న్యాయవాది కుటుంబ తగవులకు ఎంతయు అవసరము.

నేడు బారిస్టరు, వకీలు, ప్లీడరు అను పాత భేదములు లేవు. 1961 చట్టముతో అందరును అడ్వకేటులే. కాని 1890 చట్టము ఇంకను అమలులో ఉన్నది. 1956 నాటి హిందూ మైనారిటీ చట్టము బిడ్డ క్షేమమే పరమ ప్రమాణమన్నది. 1984 చట్టము ప్రకారము కుటుంబ న్యాయస్థానములో న్యాయవాదిని పెట్టుకొనుట హక్కు కాదు, కోర్టు అనుమతి కావలెను. 1987 చట్టము స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కల్పించినది. కనుక పేదరాలైన తల్లి ఫీజునకు భయపడి బిడ్డను వదలుకొననక్కరలేదు.

న్యాయవాది గదిలో కూర్చున్నప్పుడు మనము మూడు ప్రశ్నలు అడుగుదము. ఈ అర్జీ ఏ కోర్టులో వేయవలెను? మనము చెప్పుదానికి రుజువేది? బిడ్డ మనసు ఎవరు తెలిసికొందురు? మూడవ ప్రశ్న మనము అడుగకముందే ఆయన అడిగినచో, కాగితములు నిశ్చింతగా ఆయన చేతికి ఈయవచ్చును.