గిటార్ పెడళ్లకు కరెంటు: నిశ్శబ్దం కోసం అరవై ఏళ్ల వెతుకులాట

గిటార్ ధ్వనిని గరగరలాడించే ఫజ్ పెడళ్లలో పెద్ద ఎత్తున అమ్మకానికి పెట్టిన మొదటిది 1962లో అమెరికాలో వచ్చింది. గిబ్సన్ కంపెనీ మాస్ట్రో పేరుతో విడుదల చేసిన ఆ ఎఫ్‌జెడ్-1 ఫజ్-టోన్ పుట్టుకకు కారణం ఒక చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్. నాష్‌విల్ స్టూడియోలో మార్టీ రాబిన్స్ ‘డోంట్ వరీ’ పాట రికార్డు చేస్తుండగా కన్సోల్‌లో లోపం తలెత్తి, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్ గిటార్ గరగరమంది. పాట అలాగే 1961లో బయటికి వచ్చి హిట్టయింది. ఆ గరగరను కావాలన్నప్పుడల్లా రప్పించడానికి ఇంజినీరు గ్లెన్ స్నాడీ ట్రాన్సిస్టర్లతో ఒక సర్క్యూట్ తయారుచేసి గిబ్సన్‌కు ఇచ్చాడు. అందులో ఉన్నవి మూడు జర్మేనియం ట్రాన్సిస్టర్లు, వాటికి కరెంటు ఇచ్చేవి 1.5 వోల్టుల బ్యాటరీలు రెండు. 1965లో గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో దాన్ని వాడిన తర్వాత దానికి గిరాకీ పెరిగింది.

ఆ రోజుల్లో పెడల్ కరెంటు ఎవరికీ సమస్యగా తోచలేదు. రెండుమూడు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్ తాగే కరెంటు అతి స్వల్పం. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ కూడా అలాంటిదే. మైకు స్టాండు అడుగుభాగంలా గుండ్రంగా ఉండే ఆ డబ్బాలో ఒక 9 వోల్టుల బ్యాటరీ పెడితే నెలల తరబడి పనిచేసేది. అందుకే దానికి అడాప్టర్ రంధ్రమే పెట్టలేదు. స్విచ్ కూడా వేరుగా లేదు. గిటార్ వైరు గుచ్చగానే, స్టీరియో జాక్‌లోని అదనపు పలక ద్వారా బ్యాటరీ ఒక కొన సర్క్యూట్‌కు కలుస్తుంది, వైరు తీస్తే తెగిపోతుంది. ఈ చిన్న ఉపాయం నేటి పెడళ్లలోనూ ఉంది. వాయించడం అయిపోయాక వైరు పీకడం మరిచిపోయినవాడికి తరవాత బ్యాటరీ చచ్చి దొరికేది ఇందువల్లే.

మల్టీమీటర్ల వెనక ఇప్పటికీ కనిపించే ఆ చదరపు 9 వోల్టుల బ్యాటరీ నిజానికి గిటార్ కోసం పుట్టింది కాదు. ట్రాన్సిస్టర్ రేడియోల కోసం 1956 ప్రాంతంలో వచ్చింది. లోపల 1.5 వోల్టుల గదులు ఆరు వరుసగా ఉంటాయి. రేడియోల పుణ్యమా అని అది ఏ కొట్లోనైనా దొరికేది కాబట్టి పెడల్ తయారీదారులు దాన్నే పట్టుకున్నారు. పెడళ్ల లోకంలో 9 వోల్టులు ప్రమాణంగా నిలవడానికి అంతకు మించిన శాస్త్రీయ కారణం వెతకనక్కరలేదు.

బ్యాటరీకి రెండు సుగుణాలున్నాయి. ఒకటి, రసాయన చర్య నుంచి వచ్చే కరెంటులో ఎగుడుదిగుడులు ఉండవు. రెండోది, దానికి మిగతా పెడళ్లతో ఏ సంబంధమూ లేదు. ప్రతి పెడల్‌కూ తన కరెంటు తన కడుపులోనే ఉంటుంది. మొదటిది అందరికీ తెలిసిందే. అసలు కీలకం రెండోదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. పెడల్ పవర్ సప్లైల చరిత్ర అంతా ఈ రెండో గుణాన్ని పోగొట్టుకుని, మళ్లీ సంపాదించుకున్న కథే.

1970లలో పెడళ్ల సంఖ్య పెరిగింది. న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ 1968లో మొదలుపెట్టిన ఎలక్ట్రో-హార్మోనిక్స్, రోచెస్టర్‌లో కీత్ బార్, టెర్రీ షెర్వుడ్‌ల ఎంఎక్స్‌ఆర్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ శాఖ బాస్ పోటాపోటీగా కొత్త డబ్బాలు తెచ్చాయి. కరెంటు విషయంలో ఎవరి దారి వారిదే. ఎంఎక్స్‌ఆర్ తొలి పెడళ్లు బ్యాటరీతో మాత్రమే నడిచేవి. ఎలక్ట్రో-హార్మోనిక్స్ డీలక్స్ మెమరీ మ్యాన్ వంటి పెద్ద పెడళ్లు లోపలే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని నేరుగా గోడ ప్లగ్గుకు తగిలేవి. 1976లో వచ్చిన బాస్ సీఈ-1 కోరస్ కూడా అంతే. పీట్ కార్నిష్ లాంటి ఇంగ్లండు నిపుణులు పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ వంటివారి కోసం పెడళ్లన్నింటినీ ఒకే పెద్ద బల్లలో బిగించి ఇచ్చింది ఈ దశాబ్దంలోనే. అలాంటి బల్లలు పెద్ద బృందాల యాత్రలకే సరిపోయేవి. క్లబ్బుల్లో వాయించేవాడికి అందేవి కావు.

మామూలు వాయిద్యగాడి దారిని నిర్ణయించింది బాస్. 1977లో ఓడీ-1 ఓవర్‌డ్రైవ్, పీహెచ్-1 ఫేజర్, ఎస్‌పీ-1 స్పెక్ట్రమ్ అనే చిన్న పెడళ్లను అది ఒకే అచ్చులో పోసినట్టు విడుదల చేసింది. బ్యాటరీతో పాటు అడాప్టర్ రంధ్రం కూడా ఉంది. ఆ రంధ్రంలో మధ్య సూది నెగెటివ్, బయటి గొట్టం పాజిటివ్. ఇంట్లో వాడే చాలా అడాప్టర్లకు ఇది తలకిందులు. దీనికి కారణం చవకదనమే. ప్లగ్గు గుచ్చగానే బ్యాటరీని తప్పించే పలక ఆ రకం జాక్‌లో బయటి గొట్టం వైపు ఉంటుంది. బ్యాటరీ నెగెటివ్‌ను అప్పటికే గిటార్ వైరు జాక్ చూసుకుంటోంది కాబట్టి మిగిలింది పాజిటివ్. దాన్ని ఆ పలకకు కలిపితే అదనపు స్విచ్ అక్కరలేదు. కొద్ది పైసలు మిగిల్చిన ఆ నిర్ణయాన్ని మిగతా కంపెనీలు ఒక్కొక్కటిగా అనుసరించాయి. ఇల్లంతా వెతికి దొరికిన అడాప్టర్‌ను తగిలించి పెడల్ కాల్చుకున్నవాళ్లు లెక్కలేనంత మంది ఉండటానికి మూలం అక్కడే ఉంది.

బాస్ మరో చిక్కును కూడా వదిలింది. మొదట్లో అది ఏసీఏ అనే రకం అడాప్టర్ అమ్మేది. పైన 9 వోల్టులని రాసినా, అది వోల్టేజీని కట్టడి చేసే రెగ్యులేటర్ లేనిది కావడంతో తక్కువ భారం మీద 12 వోల్టుల దాకా ఇచ్చేది. దాన్ని తగ్గించడానికి పెడల్ లోపల నెగెటివ్ దారిలో ఒక రెసిస్టర్, డయోడ్ ఉండేవి. తరవాత కట్టుదిట్టమైన 9 వోల్టులిచ్చే పీఎస్ఏ అడాప్టర్ వచ్చాక, పాత ఏసీఏ పెడళ్లు దానితో నీరసంగా వెలిగేవి. విచిత్రమేమంటే, అదే అడాప్టర్ నుంచి వైరు చీల్చి పక్కన కొత్త పెడల్‌కు కూడా కరెంటిస్తే పాత పెడల్ చక్కగా పనిచేసేది. కొత్త పెడల్‌కూ పాతదానికీ మధ్య ఉన్న గిటార్ వైరు పైతొడుగు గుండా కరెంటు అడాప్టర్‌కు తిరిగి వెళ్లి, లోపలి రెసిస్టర్‌ను తప్పించుకునేది. అంటే పాటను మోయాల్సిన వైరు కరెంటును మోస్తోంది. పెడల్‌బోర్డు రొదకు మూలకారణం ఇందులో బయటపడుతున్నా, చాలామంది దీన్ని ఒక వింతగానే చూశారు.

ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా అయిదారు ప్లగ్గులు చీలే వైరును డైసీ చైన్ అంటారు. 1980లలో అది చాలామంది పెడళ్ల కిందకు చేరింది. అందులో పెడళ్లన్నీ రెండు దారుల్లో ముడిపడతాయి: ఒకటి కరెంటు వైరు నెగెటివ్, రెండోది గిటార్ వైరు తొడుగు. ఈ రెండూ కలిసి ఒక చుట్టు అవుతాయి. గ్రౌండ్ లూప్ అనేది దీన్నే. దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం ఆ చుట్టులో సన్నని కరెంటును పుట్టిస్తుంది. ఒక పెడల్ ఎక్కువ కరెంటు లాగినప్పుడల్లా మిగతావాటి గ్రౌండ్ వోల్టేజీ కదులుతుంది. ఒకే పైపు మీదున్న ఇళ్లలో ఒకరు మోటరు వేస్తే పక్కింటి కుళాయిలో ధార సన్నబడ్డట్టు. ఆ కదలిక మిల్లీవోల్టు కన్నా తక్కువే కావచ్చు. కానీ గిటార్ నుంచి వచ్చే సంకేతమే చిన్నది, ఫజ్ పెడల్ దాన్ని వందల రెట్లు పెంచుతుంది. రొదా దానితో పాటే పెరుగుతుంది.

నాసిరకం అడాప్టర్లు దీనికి మరో గోల కలిపాయి. ఏసీని డీసీగా మార్చాక మిగిలే అలలను పూడ్చడానికి తగినంత కెపాసిటర్ లేకపోతే, 50 హెర్ట్జ్ సరఫరా ఉన్న మన దేశంలో 100 హెర్ట్జ్, అమెరికాలో 120 హెర్ట్జ్ వద్ద గుయ్యిమనే హమ్ వస్తుంది. పాత ఫజ్ సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ కలెక్టర్ ఒక్క రెసిస్టర్ ద్వారా నేరుగా సప్లైకి తగిలి ఉంటుంది కాబట్టి, సప్లైలోని అల అడ్డూ ఆపూ లేకుండా బయటికి వచ్చేస్తుంది.

డిజిటల్ పెడళ్లు రాకపోతే సంగీతకారులు బ్యాటరీలతోనే సర్దుకుపోయేవారేమో. 1980ల తొలి సగంలో బాస్ డీడీ-2 డిజిటల్ డిలేతో ఆ దారి మూసుకుపోవడం మొదలైంది. ఫజ్ ఒక మిల్లీయాంపియర్‌తో సరిపెట్టుకునే చోట ఇది పదుల మిల్లీయాంపియర్లు లాగేది. ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీ మొత్తం సామర్థ్యం సుమారు 500 మిల్లీయాంపియర్-అవర్లు కాబట్టి అది ఒక కచేరీకి మించి నిలవదు. 1999లో లైన్ 6 తెచ్చిన డీఎల్4కు లావుపాటి సీ సైజు బ్యాటరీలు నాలుగు కావలసి వచ్చాయి. 2011 నాటి స్ట్రైమన్ టైమ్‌లైన్ 300 మిల్లీయాంపియర్లు అడుగుతుంది. పైగా డిజిటల్ చిప్పులు కరెంటును సాఫీగా కాక కుదుపులతో లాగుతాయి. వాటినీ పాత ఫజ్‌నూ ఒకే గొలుసులో కడితే కీచుమనే సన్నని ఈల వినిపిస్తుంది.

దీనికి గట్టి సమాధానం 1990లలో మొదలై తరవాతి దశాబ్దంలో స్థిరపడింది. అమెరికాలోని వూడూ ల్యాబ్ తన పెడల్ పవర్ యూనిట్లలో అవలంబించిన పద్ధతి ఇది: గుండ్రని టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ప్రతి అవుట్‌పుట్‌కూ వేరే తీగ చుట్టు, దానికి వేరే రెక్టిఫయర్, వేరే కెపాసిటర్, వేరే రెగ్యులేటర్. ఒక అవుట్‌పుట్‌కూ ఇంకోదానికీ మధ్య విద్యుత్ సంబంధం ఉండదు. అంటే ఒకే డబ్బాలో ఎనిమిది బ్యాటరీలు ఉన్నట్టే. ప్రసిద్ధమైన పెడల్ పవర్ 2 ప్లస్‌లో ఎనిమిది అవుట్‌పుట్లు ఉంటాయి. ఏసీఏ పెడళ్ల కోసం 12 వోల్టులకు మార్చే చిన్న స్విచ్‌లు కూడా పెట్టారు. ఇక్కడ గ్రౌండ్ కలవదు కాబట్టి పక్క పెడల్‌కు వైరు చీల్చే పాత చిట్కా పనిచేయదు మరి. చివరి రెండు అవుట్‌పుట్లకు వోల్టేజీ తగ్గించే మరలున్నాయి. అరిగిపోతున్న బ్యాటరీతో ఫజ్ పలికే తీరు కొందరికి ఇష్టం. రసాయన బ్యాటరీలోని అంతర్గత నిరోధాన్ని ఆ మర తీసుకురాలేదు గానీ, తగ్గిన వోల్టేజీ వరకు అనుకరిస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ల పద్ధతి బరువు, ధర రెండింటిలోనూ ఎక్కువ. దానికి ఎదురుగా 2000ల తొలి ఏళ్లలో విజువల్ సౌండ్ కంపెనీ 1 స్పాట్ అనే చిన్న స్విచింగ్ అడాప్టర్ తెచ్చింది; ఒక్క ప్లగ్గు నుంచి 1700 మిల్లీయాంపియర్లు. స్విచింగ్ సప్లై కరెంటును చెవికి అందనంత వేగంగా ముక్కలు చేసి మళ్లీ కూరుస్తుంది. చవక, తేలిక. కానీ అవుట్‌పుట్ ఒక్కటే కావడంతో డైసీ చైన్ చిక్కులన్నీ యథాతథంగా ఉంటాయి. కోరస్, ఫ్లాంజర్ పెడళ్లలోని క్లాక్ పౌనఃపున్యంతో సప్లై స్విచింగ్ పౌనఃపున్యం కలిస్తే, రెండూ విడివిడిగా వినపడకపోయినా వాటి తేడా ఈలగా వినపడే ప్రమాదమూ ఉంది. ‘స్విచింగ్ అంటే రొద’ అన్న అపకీర్తి అలా అంటుకుంది. ఆ నింద పాక్షికంగానే న్యాయం. డెన్మార్క్‌లోని సియోక్స్, అమెరికాలోని స్ట్రైమన్ తరవాతి కాలంలో స్విచింగ్ పద్ధతితోనే, ప్రతి అవుట్‌పుట్‌నూ మిగతావాటి నుంచి విద్యుత్‌పరంగా వేరుచేసి (దీన్నే ఐసొలేషన్ అంటారు) నిశ్శబ్దమైన యూనిట్లు చేశాయి. స్ట్రైమన్ జూమాలో తొమ్మిది అవుట్‌పుట్లు, ఒక్కోదానికి 500 మిల్లీయాంపియర్లు. తేడా సాంకేతిక పద్ధతిలో కాదు, అవుట్‌పుట్లు విడిగా ఉన్నాయా లేదా అన్నదాంట్లో ఉంది.

ఈ చరిత్ర తెలిసినవారికి ఎంపిక కష్టం కాదు. పెట్టె మీద ‘ఐసొలేటెడ్’ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మనక్కరలేదు. యూనిట్‌ను ప్లగ్గు నుంచి తీసి, రెండు అవుట్‌పుట్ల నెగెటివ్‌ల మధ్య మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి చూస్తే చాలు. బీప్ అంటే లోపల అన్నీ ఒకే దారం మీద ఉన్నట్టు. ప్రతి పెడల్ లాగే కరెంటు కన్నా అవుట్‌పుట్ సామర్థ్యం ఎక్కువ ఉండాలి. ఎక్కువైతే నష్టం లేదు, పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టేజీ మాత్రం పెడల్ అడిగినంతే ఉండాలి. పాజిటివ్ గ్రౌండ్‌తో పనిచేసే పాత జర్మేనియం ఫజ్‌ను ఇతర పెడళ్లతో ఒకే గొలుసులో కడితే సప్లై షార్టవుతుంది. దానికి విడి అవుట్‌పుట్ తప్పనిసరి. అమెరికాలో ఉన్న బంధువుల చేత యూనిట్ తెప్పించుకునే మన ఊళ్ల గిటారిస్టులు ఒక్కటి చూసుకోవాలి: ట్రాన్స్‌ఫార్మర్ రకాలు చాలావరకు 120 వోల్టులకో 230 వోల్టులకో ఏదో ఒకదానికే కట్టి ఉంటాయి. స్విచింగ్ రకాల్లో ఎక్కువ వాటికి రెండూ సరిపోతాయి.

మంచి సప్లై ఉన్నా దాన్ని ఎక్కడ బిగించామన్నది ముఖ్యమే. వా పెడల్‌లో ఇండక్టర్ అనే చిన్న తీగచుట్ట ఉంటుంది. దాని కిందే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఆ చుట్ట హమ్‌ను పట్టేస్తుంది. యూనిట్‌ను నాలుగంగుళాలు పక్కకు జరిపితే పోయే రొద కోసం కొత్త యూనిట్ కొన్నవాళ్లున్నారు. క్లాన్ సెంటార్ లాంటి కొన్ని పెడళ్లు లోపలే చార్జ్ పంప్ చిప్‌తో వోల్టేజీ పెంచుకుంటాయి. అటువంటి చిప్ చెవికి అందే పౌనఃపున్యంలో తిరిగితే, ఈల పెడల్ కడుపులోంచే వస్తుంది. బయటి సప్లై ఏమీ చేయలేదు. ఇక సింగిల్ కాయిల్ పికప్ పుట్టుకతోనే హమ్‌ను పట్టుకుంటుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1950లలో రెండు చుట్లను ఎదురెదురుగా కలిపి హంబకర్ చేసింది ఆ బెడద తీర్చడానికే. కాబట్టి సప్లై మార్చే ముందు పెడళ్లన్నీ తీసేసి, గిటార్‌ను నేరుగా ఆంప్లిఫయర్‌కు తగిలించి వినాలి. రొద అప్పుడూ ఉంటే తప్పు సప్లైది కాదు. లేకపోతే పెడళ్లను ఒక్కొక్కటిగా బ్యాటరీ మీద కలుపుతూ పోతే, ఏ డబ్బా చేరగానే గుయ్యిమంటుందో తెలిసిపోతుంది.