ఆపరేషన్‌కి ముందు గోలీ

మోత్కూరు అంటే పాత నల్లగొండ జిల్లా. నల్లగొండ అంటే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడే. వంకరపోయిన కాళ్ళు కంటికి కనబడతాయి. బీపీ, షుగర్ కనబడవు. అవి తెలియాలంటే లెక్క తియ్యాలి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో చావుల కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధులవి 12 శాతమే! "డబ్బున్నోళ్ళ రోగం" అన్నమాట అప్పటికే చెల్లిపోయిందన్నమాట.

2007లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైంది, వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. పేదవాడి గుండె ఆపరేషన్‌కి డబ్బులొచ్చాయి. గొప్ప విషయమే. కానీ అక్కడిదాకా పోకుండా ఆపే రోజువారీ బీపీ గోలీ అందులో లేదు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ పడిపోయాక ఖర్చుపెట్టాం, మానిటరింగ్‌కి కాదు.

ఈసారి ఇంటికి ఫోన్ చేస్తే "తిన్నారా" తర్వాత "గోలీ వేసుకున్నారా" అని కూడా అడగండి.