విద్యుత్ ద్రవాభిసరణ ప్రవాహం

సన్నని గొట్టంలో గాని, సూక్ష్మరంధ్రాలున్న పదార్థంలో గాని ఉన్న ద్రవం, విద్యుత్ క్షేత్ర ప్రభావం వలన కదలడాన్ని విద్యుత్ ద్రవాభిసరణ ప్రవాహం అంటారు. దీనికే ఎలక్ట్రో ఆస్మాసిస్ అని మరొక పేరు. కదిలే భాగాలున్న పంపు లేకుండానే ద్రవాన్ని నడిపించవచ్చు కనుక, అరచేతిలో ఇమిడే రసాయన పరీక్షా పరికరాలలో దీనికి ప్రాముఖ్యం ఉంది. అటువంటి పరికరాలను తయారుచేసే ముందు ప్రవాహాన్ని గణిత సమీకరణాలతో వర్ణించి, కంప్యూటరుపై అనుకరించి చూస్తారు.

చరిత్ర

మాస్కో విశ్వవిద్యాలయానికి చెందిన ఫెర్డినాండ్ ఫ్రెడరిక్ రాయిస్, తడి బంకమట్టి గుండా విద్యుత్తును పంపినప్పుడు నీరు ఋణధ్రువం వైపు కదలడాన్ని గమనించి, ఆ ఫలితాలను 1809లో ప్రచురించాడు. 1879లో హెల్మ్‌హోల్ట్జ్ దీనికి సిద్ధాంతాన్ని ప్రతిపాదించగా, 1903లో పోలెండు శాస్త్రజ్ఞుడు స్మొలుహోవ్‌స్కీ దానిని విస్తరించాడు. గోడ వద్ద అయాన్లు పరచుకొనే తీరును గూయీ 1910లోను, చాప్‌మన్ 1913లోను విడివిడిగా లెక్కించారు.

ప్రవాహానికి కారణం

నీటిని తాకిన గాజు ఉపరితలం సాధారణంగా ఋణావేశాన్ని పొందుతుంది. ఆ ఆకర్షణ వలన నీటిలోని ధన అయాన్లు గోడ దగ్గర గుమిగూడతాయి. ఈ అమరికను విద్యుత్ ద్విస్తరం అని, దాని మందాన్ని సూచించే కొలతను డిబై పొడవు అని అంటారు. లీటరుకు 0.001 మోల్ ఉప్పు కలిసిన నీటిలో ఇది సుమారు 10 నానోమీటర్లు. గోడ వెంబడి విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగిస్తే ఈ అయాన్లు ఋణధ్రువం వైపు కదులుతూ, స్నిగ్ధత మూలంగా మిగిలిన నీటిని కూడా తమతో లాక్కుపోతాయి.

గణిత నమూనా

పూర్తి నమూనాలో మూడు సమీకరణాలు ఉంటాయి. విద్యుత్ పొటెన్షియల్‌కు పాయిసాన్ సమీకరణం, అయాన్ల కదలికకు నెర్న్‌స్ట్-ప్లాంక్ సమీకరణం, ద్రవ చలనానికి నేవియర్-స్టోక్స్ సమీకరణం. ద్విస్తరం చాలా పలుచగా ఉన్నప్పుడు వీటి నుండి ఒక సులభమైన సూత్రం లభిస్తుంది:

వేగం = పర్మిటివిటీ × జీటా పొటెన్షియల్ × విద్యుత్ క్షేత్రం ÷ స్నిగ్ధత

ఇది వేగ పరిమాణాన్ని తెలుపుతుంది. జీటా పొటెన్షియల్ అనగా గోడను ఆనుకొని ద్రవం జారే తలం వద్ద ఉండే పొటెన్షియల్. దాని పరిమాణం 0.1 వోల్టు, క్షేత్రం సెంటీమీటరుకు 100 వోల్టులు అయితే నీటి వేగం సెకనుకు సుమారు 0.7 మిల్లీమీటర్లు. ఈ సూత్రంలో గొట్టం వెడల్పు లేకపోవడం గమనించదగినది. పీడనంతో నడిచే ప్రవాహంలోనైతే, పీడన ప్రవణత మారకుండా వెడల్పు సగమైనప్పుడు సగటు వేగం నాలుగో వంతుకు పడిపోతుంది.

అనుకరణలోని చిక్కు

100 మైక్రోమీటర్ల వెడల్పున్న కాలువలో 10 నానోమీటర్ల ద్విస్తరం పదివేలవ వంతు మాత్రమే. రెండింటినీ ఒకే లెక్కలో చూపాలంటే కాలువను అసంఖ్యాకమైన చిన్న గళ్ళుగా విభజించాలి. అందువలన ద్విస్తరాన్ని వదలివేసి, పై సూత్రమిచ్చే వేగంతో ద్రవం గోడ వెంట జారుతున్నట్లు భావిస్తారు.

ఈ ఊహ అన్నిచోట్లా చెల్లదు. కాలువ వెడల్పు డిబై పొడవుకు దగ్గరైనప్పుడు ఎదురెదురు ద్విస్తరాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ప్రోటీన్లు గోడకు అంటుకుంటే జీటా పొటెన్షియల్ చోటుచోటుకూ మారి, లోపల పీడన భేదాలు ఏర్పడతాయి. విద్యుత్తు వలన పుట్టే వేడి స్నిగ్ధతను తగ్గిస్తుంది. ఇటువంటి సందర్భాలలో కూడా కంప్యూటరు ఏదో ఒక సమాధానం ఇస్తుంది. అది తప్పు అని మాత్రం చెప్పదు. కనుక ఫలితాన్ని నమ్మే ముందు, నమూనాలోని ఊహలు ఆ పరికరానికి వర్తిస్తాయో లేదో సరిచూసుకోవడం అవసరం.

ఉపయోగాలు

ఈ ప్రవాహంలో కాలువ అడ్డుకోత అంతటా వేగం దాదాపు సమానంగా ఉంటుంది. అందుచేత కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ పద్ధతిలో వేరుచేసే పదార్థాల పట్టీలు అంతగా చెదరవు. బంకమట్టి నేలల నుండి నీటిని తీసి గట్టిపరచడానికి 1930 దశకంలో లియో కాసాగ్రాండే దీనిని వినియోగించాడు.