కుప్పంలో లేని కట్టుమరం

కట్టుమరం అంటే ఏమిటని కుప్పంలో ఎవరినడిగినా చెప్తారు. కట్టు అంటే కట్టడం, మరం అంటే మాను. తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే సంతలో బేరమాడే ఊరది, నిఘంటువు అక్కర్లేదు. తమాషా ఏమిటంటే, కుప్పం అన్న మాటకే తమిళంలో చిన్న పల్లె అని అర్థం. మద్రాసు తీరం వెంబడి నొచ్చికుప్పం, అయోధ్యకుప్పం అన్నీ జాలరిపల్లెలే. పేరు చూస్తే వలలు ఆరేసుకోవాల్సిన ఊరు, చూడబోతే చుట్టూ గుట్టలు!

ఇక మా మదనపల్లె సంగతి సరేసరి. 2,000 అడుగుల పైచిలుకు ఎత్తున, టమాటా గంపలు తప్ప తెప్పలెరగని ఊరు. పుంగనూరు వాళ్ళకు పొట్టి ఆవులున్నాయి గాని పడవలెక్కడివి? మా సీమ ఆడవాళ్ళకు తెప్ప అంటే తిరుమల తెప్పోత్సవమే. ఫాల్గుణ పున్నమికి ముగిసేలా ఐదు రోజులు స్వామి పుష్కరిణిలో దీపాల మధ్య తిరుగుతాడు. ఆ తెప్పా, ఇవాళ అమెరికావాళ్ళు సరదాకు తోలే రంగురంగుల ప్లాస్టిక్ కాటమరానూ ఒకే ఇంటిపేరువంటే నమ్ముతారా? నమ్మాలి. ఆ ఇంటిపేరు వాళ్ళకు మనవైపునుంచే వెళ్ళింది.

కోరమండల్ తీరంలో దుంగలు కట్టుకుని సముద్రంలోకి పోయే మనుషుల్ని చూసి విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు తన యాత్రా గ్రంథంలో రాశాడు. 1697లో అచ్చయిన పుస్తకమది. అలా మాట ఇంగ్లీషులో పడింది. పడ్డాక దారి తప్పింది. మన కట్టుమరం నాలుగైదు దుంగల్ని పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించిన తెప్ప. వాళ్ళు కాటమరాన్ అన్నది రెండు సన్నటి దోనెల్ని ఎడంగా పెట్టి, మధ్యన అడ్డకర్రలు వేసిన పడవని. ఆ రకం పడవ నిజానికి పసిఫిక్ దీవులవాళ్ళ విద్య. పనితనం ఒకరిది, పేరు ఇంకొకరిది! మన ఇళ్ళల్లో మాత్రం ఇలాంటివి జరగవా ఏమిటి? పులిహోర కలిపేది ఒకరు, మెప్పు వడ్డించినవారికి.

ఐరోపాలో జంటదోనె ఆలోచన విలియం పెట్టీ అనే పండితుడికి వచ్చింది. 1662లో డబ్లిన్‌లో ఒకటి కట్టించాడు. బాగానే పరుగెత్తింది. తర్వాత కట్టిన పెద్దది తుఫానులో మునిగిపోయేసరికి జనం ఆ ఊసు వదిలేశారు. మళ్ళీ రెండొందల ఏళ్ళకు, 1876లో, న్యూయార్కు పందేల్లో నథానియెల్ హెరెషాఫ్ తన 'అమరిల్లిస్'ను దింపాడు. పాతిక అడుగుల జంటదోనె. పెద్దింటి పడవలన్నిటినీ వెనక పడేసింది. ఓడినవాళ్ళు ఊరుకుంటారా? ఇది అసలు మా జాతి పడవే కాదని ఫిర్యాదు చేసి బహుమతి తప్పించారు.

అంత వేగం ఎందుకంటారా? ఒంటిదోనెకు గాలి తెరచాప మీద పడగానే పక్కకు ఒరిగే గుణం ఉంది. ఒరగకుండా అడుగున బరువు వెయ్యాలి. బరువు వేస్తే నడక మందం. ఎడ్లబండి చక్రాలు ఎడంగా ఉన్నట్టు రెండు దోనెలు ఎడంగా ఉంటే బరువు అక్కర్లేదు. దోనెలు సన్నవి కాబట్టి నీళ్ళను కోసుకుంటూ పోతాయి. అంతే కిటుకు.

అయినా చాలాకాలం ఇది డబ్బున్నవాళ్ళ ముచ్చటగానే ఉండిపోయింది. దాన్ని మామూలువాళ్ళ దగ్గరికి తెచ్చినవాడు కాలిఫోర్నియాలో అలలమీద జారే పలకలు చేసుకునే హోబీ ఆల్టర్. లోపల నురుగుదిమ్మె, పైన ఫైబర్‌గ్లాసు పూత, పలకలకు వాడిన ఆ పనితనాన్నే పడవకు పట్టించాడు. 1968లో వచ్చిన 14 అడుగుల హోబీ కాట్‌కు ఓడరేవు అక్కర్లేదు, కొలువుకు నావికులు అక్కర్లేదు. ఒక్కో దోనెను బయటివైపు చదునుగా, లోపలివైపు ఉబ్బుగా చేశాడు. అందువల్ల పక్కకు జారకుండా ఆపేందుకు అడుగున పలక దింపే పని లేకపోయింది. తిన్నగా ఇసుకమీదికే ఎక్కించెయ్యొచ్చు. ఆ తర్వాత వచ్చిన 16 అడుగులదైతే లక్షకు పైగా తయారయింది.

ఇసుకమీదికి ఎక్కడం! మన జాలర్లు తరతరాలుగా చేస్తున్నది అదే కదా అనిపించింది నాకు.

ఇంకా చవగ్గా చెయ్యాలంటే? అక్కడ వస్తుంది అచ్చమైన ప్లాస్టిక్. మీ మేడమీద నల్లటి నీళ్ళట్యాంకు ఉంది చూడండి, 1970లలో గుజరాత్‌లోని కలోల్‌లో సింటెక్స్ వాళ్ళు మొదలుపెట్టిన రకం, సరిగ్గా ఆ పద్ధతే. పాలిథీన్ పొడిని బోలు అచ్చులో పోసి, కొలిమిలో పెట్టి అటూ ఇటూ తిప్పుతారు. పొడి కరిగి అచ్చు గోడలకు పట్టుకుంటుంది. ఆపం పోసేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. గరిటెడు పిండి వేసి, బాణలిని చేత్తో గిర్రున తిప్పితే చుట్టూ అంటుకోదూ? అదే ఇది. హోబీ కంపెనీ 1994లో 'వేవ్' అనే 13 అడుగుల పడవను ఇలాగే తెచ్చింది. రాతికి కొట్టుకున్నా సొట్ట పడుతుందేమో గాని చిట్లదు. పిల్లల చేతికివ్వొచ్చు.

అయితే ఆపానికి అంచు పలచన, నడుము మందం. ప్లాస్టిక్‌లోనూ మందం మన చెప్పుచేతల్లో ఉండదు. పైగా మెత్తన. వంగకుండా ఉండాలంటే మందం పెంచాలి, పెంచితే బరువు. పాత 14 అడుగుల ఫైబర్ పడవ బరువెంతో, ఒక అడుగు పొట్టిదైన ఈ వేవ్ బరువూ దాదాపు అంతే, 110 కిలోలు. దోనె వంగినప్పుడల్లా గాలి ఇచ్చిన బలం కొంత ఆ వంపులోనే ఖర్చయిపోతుంది. మరమ్మతు చేద్దామంటే పాలిథీన్‌కు ఏ జిగురూ సరిగా అంటదు. చవకా కావాలి, వేగమూ కావాలి అంటే పడవలు చేసేవాళ్ళకు ఇవాళ్టికీ తలనొప్పే. పందేలవాళ్ళు అందుకే దీని జోలికి రారు. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఉన్న నాక్రా 17 కార్బన్‌తో చేసిన ఖరీదైన సరుకు. దాని నియమం ఒకటి మాత్రం నాకు నచ్చింది: పడవలో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఉండి తీరాలి.

మరి ఇక్కడి తెప్ప ఏమైంది? శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో తెప్ప మునిగేది కాదు, ఎక్కిన నీళ్ళు దుంగల సందుల్లోంచి వచ్చినదారినే పోతాయి. వేటనుంచి వచ్చాక విప్పి ఆరబెట్టేవారు. దుంగలకు తగిన తేలికపాటి మాను దొరకడం కష్టమై, ధర పెరిగింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం కార్యక్రమం వాళ్ళు ఇసుకమీదికి ఎక్కే ఫైబర్ పడవలు తయారుచేసి పరీక్షించారు. క్రమంగా తెప్ప కూడా ఫైబర్‌దయింది. పేరు పోలేదు, ఫైబర్ తెప్పే అంటారు.

ఇసుకమీదికి ఎక్కడం వేడుక కాదు వాళ్ళకు. తెప్ప ఇంటిముందు ఒడ్డున చేరితే చేప ఇల్లాలి గంపలో పడుతుంది, ఆమె మోసుకెళ్ళి తన ధరకు అమ్ముకుంటుంది. పెద్ద మరపడవ రేవుకు పోతే వేలంపాట, టోకు వర్తకుడు, మంచుగడ్డల లారీ. గంప పట్టుకుని ఆమె ఆ రేవుదాకా ఆటోలో వెళ్ళి, లారీవాడితో పోటీపడి కొనుక్కోవాలి. అందుకే ఫైబర్ తెప్ప వచ్చిందని నేను ముక్కు విరవను. మరపడవ వచ్చినచోట పోయినంత దీనివల్ల పోలేదు.

ఒక్కటే చిక్కు. పాతబడ్డ దుంగ ఆఖరికి పొయ్యిలోకైనా పనికొచ్చేది. పగిలిన ఫైబర్ కాల్చకూడదు, కరగదు, ఎవరూ కొనరు. ఒడ్డున బోర్లా పడి ఉంటుంది, కోళ్ళు దానికింద నీడకు చేరతాయి.