ఆప్తుడెవడు? ఎస్‌ఈఓ సలహాల చరిత్రముపై ఒక పరిశీలనము

న్యాయసూత్రములకు భాష్యము రచించిన వాత్స్యాయనుడు ఆప్తుని లక్షణమును నిర్ణయించుచు, వస్తువును సాక్షాత్తుగా ఎరిగియుండుటయు, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పవలెనను కోరిక కలిగియుండుటయు నను రెండు గుణములను ఒక్కచోట కోరినాడు. ఈ రెంటిలో ఏ యొక్కటి లోపించినను ఆ మాట ప్రమాణము కాజాలదు. తన వెబ్‌సైటు గూగుల్ ఫలితములలో ముందువరుసకు వచ్చుటకు ఏమి చేయవలెనో తెలియక, పదుగురు పదివిధములుగా చెప్పు ఎస్‌ఈఓ సలహాల నడుమ దిక్కుతోచక నిలిచిన వ్యాపారికి గాని పత్రికానిర్వాహకునికి గాని ఈ ప్రాచీనలక్షణమునకు మించిన కొలబద్ద నాకు కనబడలేదు. ఏలయన, ఈ రంగమున ఎరిగినవాడు సమస్తమును చెప్పుట కిష్టపడడు. చెప్పుటకు ఉత్సహించువాడు సమస్తమును ఎరుగడు. ఈ స్థితి యెట్లు దాపురించెనో తెలియుటకు ముప్పది సంవత్సరములు వెనుకకు పోవలసియున్నది.

1994వ సంవత్సరమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులగు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనువారు ప్రారంభించిన యాహూ, మనుష్యులు చూచి వర్గీకరించిన పట్టికయే గాని యంత్రము కాదు. ఆ యేటనే వెలసిన వెబ్‌క్రాలరును, 1995 డిసెంబరులో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వెలువరించిన ఆల్టావిస్టాయు పేజీలలోని మాటల నన్నిటిని చదివి సూచిక కట్టిన సెర్చ్ ఇంజనులు. పేజీలో ఏ పదములున్నవి, ఎన్ని మారులున్నవి, మెటా కీవర్డ్స్ అను కనబడని చీటీలో యజమాని తన పేజీని గూర్చి ఏమని వ్రాసికొనెను అనునవి ఆనాటి యంత్రములు ముఖ్యముగా చూచిన గుర్తులు. కావున కీవర్డును పలుమారులు వ్రాయుమనియు, ఆ చీటీని నిండుగా నింపుమనియు అప్పుడు చెప్పినవాడు అసత్యమాడలేదు. తెల్లని పేజీపై తెల్లని అక్షరములతో వందలకొలది పదములను గుప్పించినవారు ఆ సలహానే దాని తుదివరకు నడిపిరి. 1996లో డానీ సలివన్ అను పత్రికారచయిత, ఈ యంత్రములు పేజీల నెట్లు గ్రహించుచున్నవో స్వయముగా పరీక్షించి చూచి, వెబ్‌మాస్టరుల కొక మార్గదర్శినిని ప్రకటించెను. వినికిడిని విడిచి ప్రత్యక్షముపై నిలిచిన సలహాకు ఇది గౌరవింపదగిన ఆరంభము.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇరువురు పరిశోధకులు ప్రకటించిన గూగుల్ వ్యాసము ఈ రంగపు మూలగ్రంథము. పండితులు తమ వ్యాసములలో పూర్వగ్రంథములను ఉదాహరించినట్లే ఒక పేజీ మఱియొక పేజీకి లింకు నిచ్చుచున్నదనియు, గౌరవము గల పేజీ యిచ్చిన లింకునకు గౌరవ మధికమనియు భావించి వారు పేజ్‌ర్యాంక్ అను గణనమును కల్పించిరి. పాఠకునికి కనబడని మెటా సమాచారమును యజమానులు దుర్వినియోగము చేయుచున్నారని వారు ఆనాడే వ్రాసిరి. అంతకంటె ముఖ్యమగు మాట ఆ వ్యాసమునకు చేర్చిన అనుబంధమున నున్నది: ప్రకటనల ఆదాయముపై బ్రతుకు సెర్చ్ ఇంజను సహజముగనే ప్రకటనకర్తలవైపు మొగ్గి, వెదకువారి యవసరములకు దూరమగునని వారి హెచ్చరిక. అనంతరకాలమున ఆ సంస్థయే ప్రకటనల మీద లోకప్రసిద్ధమైన సంపదను గడించెను గనుక, దాని యధికారవాక్యములను చదువునపుడెల్ల ఈ యనుబంధమును స్మరించుట యుక్తమని నేను తలచుచున్నాను.

2000 డిసెంబరులో బ్రౌజరునకు తగిలించు గూగుల్ టూల్‌బారు వెలువడి, ప్రతి పేజీయొక్క పేజ్‌ర్యాంకును సున్న మొదలు పదివరకు ఒక ఆకుపచ్చని పట్టీతో చూపసాగెను. కనబడిన అంకెకు వెల యేర్పడుట ఎంతసేపు? లింకులకు అంగడి వెలసెను. లింకులు కొనుడను సలహా శాస్త్రముగా చెలామణి యయ్యెను. 2003 నవంబరులో గూగుల్ గణనపద్ధతిలో వచ్చిన, ఫ్లోరిడా యని పేరొందిన మార్పుతో అనేక వ్యాపారుల సైట్లు పండుగల అమ్మకములకు ముందే స్థానభ్రష్టము లయ్యెను. ఆ పట్టీని సంస్థ 2016లో గాని తొలగింపలేదు.

అదే కాలమున తెలుగువారి కష్టము వేరు. అనేక తెలుగు పత్రికలు తమ తమ ప్రత్యేకఫాంటులతో సైట్లను నడిపినవి. తెరపై తెలుగు చక్కగా కనబడినను, లోపల నున్నది రోమను సంకేతముల కలగూర గనుక సెర్చ్ ఇంజనులకు అందు ఒక్క తెలుగుమాటయు దొరకదయ్యెను. యూనికోడు తొలి సంచికయందే, అనగా 1991లోనే, తెలుగులిపికి స్థానము కలిగియున్నను అది వాడుకలోనికి వచ్చుటకు చాలకాలము పట్టెను. ఆ రోజులలో కీవర్డులను గూర్చియు లింకులను గూర్చియు ఎంత గొప్ప సలహా యిచ్చినను అట్టి సైటునకు వ్యర్థమే. ‘యూనికోడునకు మారుడు’ అనినవాని మాట యొక్కటియే సత్యము. దాని సత్యమును తెలిసికొనుటకు పేజీలోని ఒక వాక్యమును కాపీ చేసి వెదకుడుపెట్టెలో పెట్టి చూచిన చాలును. నా దృష్టిలో సత్సలహాకు ఇంతకంటె మంచి మాదిరి లేదు.

సలహా పుట్టిన కాలము మరుగుపడుటయే ఈ రంగమున పెద్ద విపత్తు. వెబ్ ర్యాంకింగునకు మెటా కీవర్డ్సును తాము లెక్కింపమని గూగుల్ 2009 సెప్టెంబరులో బాహాటముగా ప్రకటించినను, ఆ చీటీని నింపించు గురువులు నేటికిని కలరు. కాలము మరచుటకు కాకతాళీయన్యాయము తోడగుచున్నది: కాకి వాలినంతనే తాటిపండు రాలినట్లు, శీర్షికను మార్చిన వారముననే స్థానము పెరిగినచో ఆ మార్పే కారణమని చాటుదురు, ఆ వారముననే గూగుల్ తన గణనపద్ధతిని మార్చెనేమో విచారింపరు. శాస్త్రనామమును అరువు తెచ్చుకొన్న సలహాలు వేరొక జాతి. ఎల్‌ఎస్‌ఐ (లేటెంట్ సెమాంటిక్ ఇండెక్సింగ్) యనునది 1980ల చివర చిన్న గ్రంథసంచయములకై పుట్టిన గణితపద్ధతి. దాని పేర ‘ఎల్‌ఎస్‌ఐ కీవర్డులు’ అమ్మకమునకు రాగా, అట్టివి లేనే లేవని గూగుల్ ఉద్యోగి జాన్ మ్యూలర్ 2019లో చెప్పవలసివచ్చెను.

తప్పుడు సలహాకు చెల్లించిన మూల్యమునకు జె.సి. పెన్నీ యను అమెరికా దుకాణసంస్థ కథ చాలును. 2010 చివరి పండుగల కాలమున దుస్తులు, పరుపులు, తివాచీలు మొదలగు ఎన్నో మాటలకు ఆ సంస్థ గూగుల్‌లో మొదటిస్థానమున నిలిచెను. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పరిశీలింపగా, ఆ వస్తువులతో చాలవరకు సంబంధము లేని వందలకొలది సైట్లలో దాని లింకులు వేలకొలదిగా నాటబడియున్నట్లు తేలెను. గూగుల్ శిక్షించెను, సంస్థ తన కేమియు తెలియదని చెప్పి తన ఎస్‌ఈఓ సలహాదారులను తొలగించెను. ఇక్కడ గమనింపదగిన దేమనగా, ఆ సలహా ఫలించెను. ఫలించినంతకాలము నది సత్యముగనే తోచెను. 2012 ఏప్రిలులో కృత్రిమలింకులను శిక్షించు పెంగ్విన్ అను మార్పు వచ్చిన పిదప, ధనమిచ్చి లింకులు కొన్నవారే వానిని తొలగింపుడని సైటుసైటునకు విన్నపములు పంపుకొనిరి. ఫలమే ప్రమాణమని నమ్మువారు ఆ ఫలము ఎన్నాళ్లు నిలిచెనో కూడ అడుగవలెను.

ఇక ఎరిగినవాని మాట యెట్టిది? 2008లో వెలువడిన ప్రారంభమార్గదర్శిని, ఫలితములను పరీక్షించు మదింపరులకై వ్రాసి 2015లో బహిరంగపరచిన సుదీర్ఘనిబంధనావళి, ఇవి గూగుల్ స్వయముగా చెప్పిన మాటలు, చదువదగినవి. కాని పాఠకుల క్లిక్కులను ర్యాంకింగునకు నేరుగా వాడుట లేదను భావము కలుగునట్లు ఆ సంస్థవారు ఏండ్లతరబడి మాటలాడుచు వచ్చిరి. అమెరికా ప్రభుత్వము వేసిన గుత్తాధిపత్యపు వ్యాజ్యమున 2023లో సంస్థ ఉపాధ్యక్షుడు పాండు నాయక్ ప్రమాణపూర్వకముగా సాక్ష్యమిచ్చుచు, 13 నెలల క్లిక్కులను వినియోగించు నావ్‌బూస్ట్ అను వ్యవస్థను వర్ణించెను. 2024 మే నెలలో బయల్పడిన సంస్థ అంతరంగపత్రములలో 14,000కు పైబడిన గుణములపేర్లు కనబడెను. ఆ పత్రములు నిజమైనవేనని సంస్థ ఒప్పుకొనెను. సందర్భము తెలియక ఊహలు చేయవలదని హెచ్చరించెను. ఆ హెచ్చరికలో సంస్థకు స్వార్థమున్నను న్యాయమును కలదు, ఏలయన ఆ జాబితాలో ఏ గుణమునకు ఎంత తూకమో చెప్పబడలేదు. అయినను కొందరు ప్రతి పేరునుండి ఒక్కొక్క సలహాను అల్లి మరునాటికే విక్రయించిరి.

నా నిర్ణయ మిది. ‘దీనిని చేయకుడు, శిక్షింతుము’ అని గూగుల్ చెప్పునపుడు వక్త స్వార్థమును సత్యమును ఒకే దారి నడచును గనుక ఆ మాటను నమ్మవచ్చును. ‘దీనిని మేము వాడము’ అనునపుడు మాత్రము సాక్ష్యాంతరము కొరకు వేచియుండుట మేలు. పేజీని సూచికలో చేర్చవలదను నోఇండెక్స్ ఆజ్ఞ పొరపాటున మిగిలియున్నదా, పేజీ సూచికలో చేరినదా అను సంగతులకు ఎవరి మాటయు నక్కరలేదు. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చు సెర్చ్ కన్సోలు తెరచిన ప్రత్యక్షముగా కనబడును. స్థానము పెంచుదుమను సలహాను మాత్రము, ఒకే తీరు పేజీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపును మార్చి రెండవదానిని ముట్టక, కొన్ని వారములు చూచిన తరువాతనే అంగీకరింపవలెను. మొదటిస్థానమునకు హామీ యిచ్చువానికడ నిలువనక్కరలేదు. అట్టి హామీ ఎవరును ఈయజాలరని గూగుల్ తన పత్రములలోనే వ్రాసియున్నది.

2024 అక్టోబరులో కృత్రిమమేధ కూర్చు సమాధానసంగ్రహములను తెలుగులోను చూపుదుమని ఆ సంస్థ ప్రకటించెను. ఆ సంగ్రహములలో చోటు సంపాదించు ఉపాయములను బోధించువారు అప్పుడే బయలుదేరిరి. వారి బోధనలను నేను కొన్ని చదివితిని. ఏ సైటున, ఏ తేదీన, ఏమి మార్చగా ఏమి జరిగెనో చెప్పిన దానిని వేరుగా తీసి పెట్టుకొనుచున్నాను. ఆ కట్ట ఇంకను పలుచగనే యున్నది.