కవల సోదరుల కథ: నాటకమై, చిత్రమై మన దాకా

తళవాయిపురం పేరులోనే ‘దళవాయి’ అనే మాట ఉన్నది. నాయక రాజుల నాడు అది సేనాధిపతి బిరుదు. ఆ కాలపు సేనల వెంట మన పూర్వులు దక్షిణాదికి తరలివచ్చినారని పెద్దలు చెప్పుదురు. నేటికీ రాజపాళయం చుట్టుపట్ల మనము ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుచున్నాము. రెండు భాషల నడుమ బ్రతికే మనకు, రెండు దేహాలకు ఒకే బాధ అన్న కథ పరాయిది కాదు. అట్టి కథ ఒకటి ఫ్రాన్సు నుండి మన దాకా వచ్చిన చరిత్రను ఈ ఉగాది వేళ చెప్పుకొందము.

ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1844లో ‘కార్సికా సోదరులు’ అనే చిన్న నవల వ్రాసినాడు. అతుక్కొని పుట్టిన కవలలను వైద్యుడు కత్తితో వేరు చేసినాడు. అయినా ఒకరికి దెబ్బ తగిలితే రెండవ వానికి నొప్పి. ఒకడు కార్సికాలో తల్లి చెంత ఉండగా, మరొకడు ప్యారిసులో న్యాయశాస్త్రం చదువుచు ద్వంద్వయుద్ధంలో మరణించినాడు. ఉత్తరం రాకముందే ఇంటనున్న వానికి ఆ సంగతి తెలిసినది. పగ తీర్చుకొనుటకు అతడు ప్యారిసుకు బయలుదేరినాడు.

1850లో ప్యారిసులో ఇది నాటకమైనది. దానిని డయన్ బూసికో ఆంగ్లంలో తిరిగి వ్రాయగా, 1852 ఫిబ్రవరి 24న లండను ప్రిన్సెస్ థియేటరులో చార్లెస్ కీన్ ఇద్దరు సోదరుల వేషాలూ తానే కట్టినాడు. మొదటి రెండంకాలూ ఒకే సమయమున రెండు చోట్ల జరిగినట్లు కూర్చినారు. వేదిక క్రింద వాలుగా పట్టాలు పరచి, చిన్న బండిమీద నటుని నిలిపి లాగేవారు. చనిపోయినవాని ప్రేతం నేలలోనుండి లేచుచునే ప్రక్కకు జరిగిపోవునట్లు కనుపించేది. ఆ ఏర్పాటుకు ‘కార్సికా ట్రాప్’ అనే పేరు నిలిచినది. 1880లో హెన్రీ ఇర్వింగ్ లైసియం థియేటరులో ఈ నాటకాన్ని మళ్ళీ ఆడినాడు.

1941లో హాలీవుడ్ ఈ కథను చిత్రంగా తీసినది. 1949లో మదరాసు జెమినీ వాసన్ గారు తమిళంలో ‘అపూర్వ సహోదరర్గళ్’ తీసినారు. నాటక రచయిత కందసామి మొదలియారు కుమారుడు, రంగస్థలంమీద ఆరితేరిన ఎం.కె. రాధా కవలలుగా నటించినారు. నాయిక మన ఒంగోలు ప్రాంతపు దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారు. 1950లో సి. పుల్లయ్య గారి దర్శకత్వాన అదే కథ ‘అపూర్వ సహోదరులు’గా తెలుగులో వచ్చినది. అనగా ఆ చిత్రం కూడ కవలగానే పుట్టినది!

ఆ 1949లోనే మన రాజపాళయం వారైన పి.యస్. కుమారస్వామి రాజా గారు మదరాసు మంత్రివర్గానికి నాయకులైనారు. నాటి రాష్ట్రంలో తెలుగు, తమిళం కలిసి ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వేరుపడినది. మనము ఈవల ఉండిపోతిమి. కథ మాత్రం రెండు వైపులా సాగినది: 1964లో రామారావు గారి ‘అగ్గిపిడుగు’, 1971లో ఎం.జి.ఆర్. ‘నీరుం నెరుప్పుం’.

మన పిల్లలలో చాలమందికి నోట తెలుగు మాట ఉన్నది, చేత తెలుగు అక్షరం లేదు. నాటకానికి అక్షరం కన్న ముందు కావలసినది మాట. ఈ కథకు లండను యంత్రాలు అక్కరలేదు. వేషం మార్చే నటుడొకడు, వీపు త్రిప్పి నిలిచే జతగాడొకడు, ఒక దీపం చాలును. మన ఇంటి తెలుగులోనే మన యువకులు దీనిని ఆడవలెను. వేరైన దేహాలకు నొప్పి తెలియుచున్నంత కాలం అవి వేరు కానట్లే. ఆ నొప్పి మనలో మొద్దుబారక ముందే తెర లేవవలెను.